మైకులో 'మంచిది'

ఇప్పటి పిల్లలకు ఏడో తరగతికే తామేం కావాలో తెలిసిపోతోంది. వాళ్ళకు తెలియకపోతే వాళ్ళ అమ్మానాన్నలకైనా తెలిసిపోతోంది. ఆ రోజుల్లో మాకంత తొందర ఉండేది కాదు. పదో తరగతి పరీక్షలకు నెల ముందు, తొమ్మిదో తరగతివాళ్ళు మాకిచ్చే వీడ్కోలు సభలో, స్టేజీ మీద నిలబడి మైకులో చెప్పాల్సి వచ్చినప్పుడే చాలామంది తమ భవిష్యత్తు గురించి మొదటిసారి ఆలోచించేవాళ్ళు. నేను మాత్రం అంతకు చాలా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. నా ఒక్కదానిదే కాదు, పక్కనున్నవాళ్ళది కూడా. (నా స్వభావమే అంత. నేను పుట్టినప్పుడు ఏడవలేదనీ, నర్సమ్మకు ఏదో సలహా చెప్పబోయాననీ మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతూ ఉంటుంది.) బడిలో నా పేరు రేడియో. అది నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరని నాకు చాలాకాలం తెలియలేదు, మెచ్చుకుని పెట్టారనుకున్నాను.

మా బడి చందానగర్‌లో, బొంబాయి రోడ్డు మీది మార్కెట్టుకు వెనక సందులో ఉండేది. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసి ఉండేది. లోపల పాఠాలు ఇంగ్లీషులో, తిట్లు తెలుగులో నడిచేవి కాబట్టి మాకు బాగా వచ్చింది తెలుగే. పిల్లల్లో సగం మంది మాలాగా కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళ పిల్లలు, మిగతా సగం హఫీజ్‌పేట్ నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చే అచ్చంగా ఆ నేల మీద పుట్టిన పిల్లలు. మొదట్లో మేం "ఏంటండీ" అంటే వాళ్ళు నవ్వేవాళ్ళు, వాళ్ళు "ఏంది" అంటే మేం నవ్వేవాళ్ళం. రెండేళ్ళు తిరిగేసరికి ఎవరి మాట ఎవరిదో తెలియకుండా కలిసిపోయింది. నేను ఇంట్లో "ఇగ చాలు, పెట్టకు" అన్నానంటే మా అమ్మ గరిటె పట్టుకుని వెంటపడేది.

ఆ బడి కట్టించినవారూ, నడిపేవారూ, బెత్తం పట్టేవారూ ఒక్కరే, పెద్దసారు. ఆయనది అక్కడికి దగ్గరి పల్లెటూరే. ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు కూర్చుని తీర్పు చెప్పడం చూస్తూ పెరిగినవారు కాబట్టి, నలుగురిలో అన్నమాటకు తిరుగులేదని ఆయన గట్టి నమ్మకం. దాని మీదే మా వీడ్కోలు సభకు ఒక ఆచారం పెట్టారు. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి ముందుముందు ఏం చదవదలుచుకున్నారో, ఏం కాదలుచుకున్నారో చెప్పాలి. చెప్పాక వాళ్ళ ఇంటి పెద్ద లేచి నిలబడి, అందరూ వినేలా మైకులో "మంచిది" అనాలి. ఆ ఒక్క మాట పడిందంటే ఇక దానికి తిరుగులేదు. తర్వాత ఇంటికెళ్ళి మాట మార్చిన తండ్రుల దగ్గరికి పెద్దసారు సైకిలేసుకుని స్వయంగా వెళ్ళేవారని చెప్పుకునేవారు. అందుకే ఇంట్లో అడిగితే పని జరగని పిల్లలంతా ఆ రోజు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. మాకంటే ముందు ఏడాది ఒకడు "నేను కొత్త సైకిల్ మీద కాలేజీకి పోయి కలెక్టరవుతా" అన్నాడు. వాళ్ళ నాన్న కలెక్టరు అన్న మాట విని పొంగిపోయి మంచిది అనేశాడు, సైకిలు సంగతి కూర్చున్నాక గానీ ఆయన బుర్రకు తట్టలేదు.

మా ఏడాది మాత్రం పెద్దసారుకు వేరే బాధ వచ్చిపడింది. మాదాపూర్ వైపు రాళ్ళగుట్టల మధ్య గుండ్రంగా, నిండా అద్దాలతో ఒక మేడ లేచింది. ఆదివారం పూట మా నాన్న మమ్మల్నందరినీ స్కూటరు మీద ఎక్కించుకుని దాన్ని చూపించడానికి తీసుకెళ్ళేవారు. అక్కడ చూడడానికి ఆ మేడ, రాళ్ళు, రాళ్ళ మధ్య మేస్తున్న మేకలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అయినా గుడికెళ్ళి వచ్చినంత తృప్తిగా తిరిగొచ్చేవాళ్ళం. దాంతో మా క్లాసులో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. ఆ ఇంజనీరు లోపల కూర్చుని ఏం చేస్తాడో మాలో ఒక్కరికీ తెలియదు. ఏసీలో కూర్చుంటాడని తెలుసు, అది చాలనుకున్నాం. మా బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకు పూలగుడ్డ కప్పి, నుదుటి మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంచేవారు. మేం చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళం. సభకు వారం ముందు పెద్దసారు క్లాసుకొచ్చి ఎవరెవరు ఏం చెప్పబోతున్నారో అడిగారు. వరసగా అందరూ అదే మాట చెబుతుంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అందరు పోయి అండ్ల కూసుంటె, నా షుగర్ ఎవడు చూస్తడ్రా?" అన్నారు. వెనక బెంచీవాడొకడు, దానికి కూడా కంప్యూటర్లు వస్తాయట సార్, అన్నాడు. వాడు ఆ పీరియడంతా బయటే నిలబడ్డాడు.

ఆ క్లాసులో సాఫ్ట్‌వేర్ అననిది ఒక్కతే, నా పక్కన కూర్చునే పాలపిల్ల. వాళ్ళది హఫీజ్‌పేట్. వాళ్ళింట్లో బర్రెలుండేవి. (మేం గేదెలనేవాళ్ళం, అక్కడ నాలుగు రోజులు తిరిగితే ఎవరైనా బర్రెలనే అంటారు.) పొద్దున్నే కొత్త కాలనీల్లో పాలుపోసి, క్యాన్లు కడిగి ఇంట్లో పెట్టి, తడి ఆరని జడతో బడికొచ్చేది. చదువులో నాకంటే ఎక్కువే గానీ తక్కువ కాదు, నోరు మాత్రం విప్పేది కాదు. సారు ప్రశ్న అడిగితే లేచి నిలబడి నావైపు చూసేది, నేను చెప్పేదాన్ని. క్యాంటీనువాడు చల్లారిన సమోసా ఇస్తే నావైపు చూసేది, నేను పోట్లాడేదాన్ని. ఆఖరికి హాజరు పిలిచినప్పుడు కూడా దాని నంబరుకు నేనే "ప్రెజెంట్ సార్" అనేదాన్ని. ఒకసారి అది జ్వరమొచ్చి రాకపోయినా అలవాటు కొద్దీ అనేసి దెబ్బలు తిన్నాను. ఇదంతా స్నేహధర్మమనే నా నమ్మకం. నేను లేకపోతే ఈ పిల్ల గతేమిటా అని రాత్రి అన్నం తింటూ మా అమ్మతో అనేదాన్ని కూడా. మా అమ్మ వింతగా చూసేది.

పాలపిల్లకు ఇంటర్లో బైపీసీ చదివి పశువుల డాక్టరు కావాలని ఉండేది. అంతకు ముందు వానాకాలంలో వాళ్ళ బర్రె ఒకటి కడుపుబ్బి చనిపోయింది. పశువుల దవాఖాన నుంచి మనిషి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ రోజు పాలపిల్ల కళ్ళు చూసినవాళ్ళెవరికైనా ఇది ఊరికే అనుకున్న మాట కాదని తెలుస్తుంది. అడ్డమల్లా వాళ్ళ అవ్వ. నాయనమ్మను వాళ్ళు అవ్వ అనేవాళ్ళు. వాళ్ళ నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు, అమ్మ అత్తమాట దాటేది కాదు, కాబట్టి ఆ ఇంట్లో బర్రెలకైనా మనుషులకైనా అవ్వ చెప్పిందే చట్టం. అవ్వేమీ రాక్షసి కాదు. వెళ్ళినప్పుడల్లా నాకు మీగడ పెరుగు పెట్టేది. చదువంటే పడదని కూడా కాదు. ఆమె భయం ఒక్కటే. పదో తరగతంటే ఇంటి పక్క బడి, అందరూ తెలిసినవాళ్ళే. ఇంటర్ అంటే రెండు బస్సులు మారి వెళ్ళే సర్కారు కాలేజీ. నోరు లేని పిల్ల, ఎవరేమన్నా తిరిగి అనలేదు, ఏది కావాలన్నా అడగలేదు, అక్కడికి పంపితే ఆగమైపోతుంది, ఇంట్లోనే ఉండి పాడి చూసుకుంటే చాలు. ఇదీ అవ్వ వాదన. అవ్వ ఈ మాట అంటున్నప్పుడల్లా పాలపిల్ల గోడకు జారబడి గోళ్ళు కొరుక్కునేది, నేను మధ్యలో దూరి, ఎందుకు అడగలేదవ్వా, అది బ్రహ్మాండంగా అడుగుతుంది, అని గలగలా వాదించేదాన్ని. అలా వాదించినకొద్దీ ఆమె మాటే నెగ్గుతోందని పదిహేనేళ్ళ నా బుర్రకు తట్టలేదు.

ఇక మిగిలింది సభ ఒక్కటే. అక్కడ అవ్వ చేత మంచిది అనిపించామా, పాలపిల్ల కాలేజీకి వెళ్ళినట్టే. అనిపించలేకపోయామా, దాని చదువు ఆ షామియానా కింద ఆగిపోయినట్టే. దేనికీ ఫికరు చేయవద్దనీ, సభ నడిపేది నేనే కాబట్టి (మైకు నా చేతికి కాక ఇంకెవరికిస్తారు) అంతా నేను చూసుకుంటాననీ దానికి హామీ ఇచ్చాను. నాలుగు వాక్యాల ఉపన్యాసం నేనే తయారుచేసి నేర్పించాను. సాయంత్రాలు వాళ్ళ కొట్టంలోనే సాధన. బర్రెల ముందు నిలబడి అది ఎంత చక్కగా చెప్పేదంటే నాకే అసూయ కలిగేది. ఒక బర్రె మేత మాని మరీ విన్నది. నువ్వు స్టేజీ ఎక్కాక కింద ఉన్నవాళ్ళంతా బర్రెలే అనుకో, నీకేం భయం ఉండదు, అని చెప్పాను. పెద్దసారు కూడానా అని అడిగింది. ఆయన కూడా అన్నాను.

సభ రోజు రానే వచ్చింది. అబ్బాయిలు ఇస్త్రీ చొక్కాల్లో బిగుసుకుపోయి, అమ్మాయిలం అమ్మల చీరల్లో మునిగిపోయి వచ్చాం. నేను మా అమ్మ పెళ్ళినాటి మామిడిపండు రంగు చీర కట్టుకున్నాను. అది జారకుండా మా అమ్మ పెట్టిన పిన్నులు ఒక్కొక్కటీ గుచ్చుకుంటుంటే, చిరునవ్వుతో నిలబడడం అలవాటు చేసుకున్నాను. పాలపిల్ల ఆకుపచ్చ చీరలో, తలనిండా బంతిపూలతో వచ్చింది. ఎంత బాగుందంటే క్లాసులో అబ్బాయిలంతా కాసేపు సాఫ్ట్‌వేర్ మరిచిపోయారు. షామియానా కింద ముందు వరసలో పెద్దలు కూర్చున్నారు. మా నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చారు. సర్కారు కొలువులో గుమాస్తా ఆయన. నలుగురిలో ఎవరు ఏదడిగినా కాదనడం చేతకాని మనిషి. చందాలవాళ్ళు మా సందులోకి వస్తే మొదట మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఆయన పక్కన మా అమ్మ, అవతల చివర, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని, అవ్వ.

ఒక్కొక్కరుగా ఎక్కుతున్నారు, సాఫ్ట్‌వేర్ అంటున్నారు, కింద మంచిది పడుతోంది, చప్పట్లు మోగుతున్నాయి. మా క్లాసు అంతటినీ ఆ అద్దాల మేడలో కూర్చోబెడితే ఇంకెవరికీ చోటు మిగిలేలా లేదు. పెద్దసారు మొహం చూస్తే ఎవరైనా కనీసం ఎల్ఐసీ ఏజెంటునవుతానన్నా కౌగిలించుకునేలా ఉన్నారు. అప్పుడు నేను, ఇప్పుడు మీరు ఇంతవరకూ వినని మాట వినబోతున్నారు అని ఊరించి, పాలపిల్లను పిలిచాను. అది వచ్చి నిలబడింది. మైకు పట్టుకుంది. కిందికి చూసింది. వాళ్ళెవరూ దానికి బర్రెల్లా కనిపించలేదని దాని మొహం చూస్తేనే తెలిసిపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అవ్వ తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. పాలపిల్ల నావైపు చూసింది, ఎప్పుడూ చూసినట్టే.

చూస్తే నేనూరుకుంటానా? మైకు దాని చేతిలోంచి లాక్కున్నంత పని చేసి అందుకున్నాను. నేర్పిన నాలుగు వాక్యాలూ చెప్పాను. అక్కడితో ఆగితే నేను రేడియో ఎందుకవుతాను? మన చుట్టూ పాడి ఎంత ఉందో, పశువుల డాక్టరు లేక ఎన్ని ప్రాణాలు పోతున్నాయో, రేపు ఆ అద్దాల మేడలో కూర్చునే ఇంజనీర్లందరికీ పొద్దున్నే టీలోకి పాలు ఎక్కడినుంచి వస్తాయో ఆలోచించమని అడిగాను. ఆ దెబ్బకు పాడివాళ్ళందరూ ఈలలు వేశారు. ఒక పెద్దాయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఇంత మంచి పనికి అవ్వ ఒక్క మాట అంటే చాలునని ముగించి, మైకు వైరు సాగినంత మేర లాగి అవ్వ నోటి దగ్గర పెట్టాను. గెలిచేశాననే అనుకున్నాను. (ఆ క్షణాన ఎవరైనా నన్ను ముఖ్యమంత్రిని చేస్తామంటే ఒప్పుకునేదాన్ని.)

అవ్వ తొందరపడలేదు. కాళ్ళు కిందికి దించింది, కొంగు సర్దుకుంది. "జర ఆగు బిడ్డా. నువ్వు మంచిగ మాట్లాడినవ్, నీ నోరు సల్లగుండ. నాకు ఒక్కటే ఫికర్. బస్సుల కండక్టర్ సిల్లర ఇయ్యకుంటె అడగనీకి దానికి నోరు లేదు. ఇప్పుడు గూడ సూడు, దాని మాట నువ్వే సెప్తివి. నువ్వుంటె నాకు పరేషాన్ లేదు. దాని ఎంబడి నువ్వు గూడ గా కాలేజికే, గా సదువుకే పోత అను. నేను ఇప్పుడే మంచిదంట" అంది.

నాకు ఎంపీసీ చదవాలని ఉంది, దానికి అమీర్‌పేట్ దాకా వెళ్ళి కంప్యూటరు కోచింగు వాకబు చేసి కూడా వచ్చాను. బైపీసీ అంటే కప్పను కోయాలి. వంటింట్లో బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషిని నేను. ఏం చెప్పాలో తోచక నాన్నవైపు చూశాను. అదే నేను చేసిన పొరపాటు. నా చూపు వెంట అందరూ ఆయన వైపు తిరిగారు. పెద్దసారు కూడా, మైకు అటు పెట్టమని నాకు సైగ చేసి, మీరేమంటారు సార్ అని మర్యాదగా అడిగారు. మా నాన్న లేచి నిలబడ్డారు, అటూ ఇటూ చూశారు, చేతులు జోడించారు. అంతమంది చూస్తుండగా, అందులోనూ పెద్దావిడ అడిగితే, కాదనడం ఆయన జాతకంలోనే లేదు. "దానికేముందండీ, ఇద్దరూ కలిసి పెరిగిన పిల్లలే కదండీ. మంచిదండీ" అనేశారు.

మైకులో మంచిది పడిపోయింది. పక్కన మా అమ్మ ఆయన లాల్చీ కొస పట్టుకుని లాగుతోంది గానీ అప్పటికే ఆలస్యమైంది. నా నోరే నా కొంప ముంచింది. సంవత్సరాల తరబడి గుక్క తిప్పుకోకుండా మాట్లాడినదాన్ని, మైకు చేతిలో పెట్టుకుని ఒక్క మాట దొరక్క నిలబడ్డాను. కాదంటే పాలపిల్ల చదువు పోతుంది, ఔనంటే నా చదువు పోతుంది. ఏడుపు తన్నుకొస్తోంది. కుడితిలో పడ్డ ఎలుక ఎలా ఉంటుందో ఆ మామిడిపండు రంగు చీరలో నేను సరిగ్గా అలా ఉన్నాను. చప్పట్లు మొదలైపోయాయి కూడా.

అప్పుడు నా చేతిలోంచి ఎవరో మైకు తీసుకున్నారు. చూద్దును కదా, స్టేజీ దిగి వచ్చిన పాలపిల్ల. తలలో బంతిపూలు వణుకుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. "అవ్వా, దాన్ని నా ఎంబడి తోలకు. అది కంప్యూటర్లు సదువుకుంటది. నేను ఒక్కదాన్నే పోత. కండక్టర్ సిల్లర ఇయ్యకుంటె నేనే అడుగుత. నాకు నోరుంది. ఇది ఎప్పుడన్న మాట్లాడనిస్తె గద" అంది.

షామియానా ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వారు. మా సారులు నవ్వారు, మా నాన్న నవ్వారు, నా కన్నతల్లి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నవ్వనివాళ్ళు ఇద్దరే. నేను ఒకదాన్ని, అవ్వ ఒకామె. అవ్వ మనవరాలినే చూస్తోంది, తన ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత తానే లేచి మనవరాలి దగ్గరికి నడిచొచ్చింది. "మాట్లాడింది గద. ఇగ మంచిది" అంది. ఆ మాట మైకు దాకా రాలేదు, అయినా చివరి వరసవాళ్ళకు కూడా వినపడింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, కాకపోతే అంతా సంతోషమే కాదు. నేను అంతసేపు మాట్లాడితే పడని చప్పట్లు దాని నాలుగు ముక్కలకు పడ్డాయి. పైగా నేను మాట్లాడనివ్వననా? దాని తరఫున మాట్లాడీ మాట్లాడీ నా గొంతు అరిగిపోయింది, ఇదా నాకు దక్కిన ఫలం? ఈలోపు కింద ఇంకో తగాదా లేచింది. మా నాన్న అన్న మంచిది సంగతేమిటని ఎవరో అడిగారు. మైకులో అన్నమాట వెనక్కి పోతే ఆచారమే పోతుంది కదా. పెద్దసారు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. పిల్ల వెంట కాలేజీకి పోవాలన్నారు గానీ ఎన్ని రోజులు పోవాలో అవ్వ చెప్పలేదు కాబట్టి, మొదటి రోజు ఒక్కటి వెంట వెళ్ళి దింపి వస్తే మాట నిలబడినట్టేనని తీర్పు చెప్పారు. అందరూ తలలూపారు. ఆ తర్వాత నా వంతు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరునవుతానని, నేనేనా అన్నంత చిన్న గొంతుతో చెప్పాను. మా నాన్న ఈసారి మా అమ్మ మొహం చూసి, ఆమె తల ఊపాకే మంచిదండీ అన్నారు. మిర్చి బజ్జీలు పంచుతుంటే పాలపిల్ల నా పక్కకొచ్చి కూర్చుంది. నేను మొహం తిప్పుకున్నాను. దాని బజ్జీ నా ఆకులో పెట్టింది. ఎంత కోపంలో ఉన్నా బజ్జీతో నాకు గొడవ లేదు కాబట్టి తినేశాను.

జూన్‌లో, తీర్పు ప్రకారం, దాన్ని కాలేజీకి తీసుకెళ్ళాను. అంటే, అది నన్ను తీసుకెళ్ళింది. మొదటి బస్సులోనే కండక్టరు చిల్లర తర్వాత ఇస్తానన్నాడు. నేను నోరు తెరవబోతే అది నా మోచేయి గిల్లి నన్ను ఆపింది. ఆయన మా సీటు దాటి వెళ్ళిన ప్రతిసారీ "అన్నా, సిల్లర" అని నెమ్మదిగా, విసుగన్నది లేకుండా అడిగింది. దిగేలోపు ఆయనే దాని చేతిలో పెట్టాడు. అలా కూడా అడగవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. కాలేజీ గేటు దగ్గర అటెండరు నన్ను చూసి, ఇక్కడ చేరే పిల్ల ఎవరని అడిగాడు. చెప్పబోయాను. "నేను" అంది అది, నాకంటే ముందు. చేరని నన్ను లోపలికి రానివ్వనన్నాడు. సరేలే, నువ్వు పో, నేను చూసుకుంట అని నా భుజం తట్టి, జడ వెనక్కి వేసుకుని లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చూస్తుందని చాలాసేపు నిలబడ్డాను. లోపల ఆఫీసు కిటికీ దగ్గర ఎవరినో ఏదో అడుగుతూ కనిపించింది, ఇటు చూడనేలేదు.

తర్వాత సంగతులు పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. పశువుల డాక్టరు సీటు దానికి రాలేదు, రెండుసార్లు రాసినా రాలేదు. జీవశాస్త్రం చదివి సర్కారు బడిలో టీచరయింది. పగలంతా పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రం ఫోన్ చేస్తే నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వదు. నేను కోరుకున్నట్టే ఆ అద్దాల మేడల్లో ఒకదానిలో కూర్చున్నాను, అక్కడ ఏం చేస్తారో కూడా తెలుసుకున్నాను. ఏసీ మాత్రం అనుకున్నంత చల్లగానే ఉంటుంది. పెద్దసారు షుగరును మా క్లాసువాళ్ళెవరూ చూడలేదు గానీ, ఆ తర్వాత కూడా ఆయన చాలా ఏళ్ళు ఇంకెందరి చేతో మంచిది అనిపించారు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఆ జూన్ మధ్యాహ్నమే. రెండు బస్సులూ ఒంటరిగా మారి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా మా అమ్మతో ఫిర్యాదు చేశాను, అది నన్ను గేటు దగ్గరే వదిలేసి వెళ్ళిపోయిందని. మా అమ్మ పప్పు వడ్డిస్తూనే, "దింపి రావడానికే కదే నువ్వు వెళ్ళింది" అంది. నేను అన్నం కలుపుకున్నాను. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళే మొదటి రోజున గేటు దాకా నేనూ వస్తానని బయలుదేరినప్పుడు కూడా అదే మాట నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని కూడా, మరి కాసేపు గేటు దగ్గర నిలబడ్డాననుకోండి.